పాతబట్టలకు వీడ్కోలు

ఢిల్లీ నగరంలో స్థిరపడిన తెలుగువారికి, మన ప్రాంతంలో ఉండేవారికి లేని పని ఒకటి ఏటా రెండు పర్యాయాలు తప్పనిసరిగా వస్తుంది. దీపావళి వెళ్ళిన తరువాత ట్రంకుపెట్టెలు తెరచి ఉన్నిబట్టలు వెలుపలికి తీయవలెను. హోలీ వెళ్ళిన తరువాత వాటిని ఉతికి, ఎండబెట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి మరల లోపల పెట్టవలెను. విజయవాడలోనో, వరంగల్లులోనో ఒక చొక్కా బీరువా అడుగున పది సంవత్సరాలు పడి ఉన్నా దానిని అడిగే నాథుడు ఉండడు. ఇక్కడ అట్లా కాదు. కర్మాగారంలో యంత్రాలకు వార్షిక ఓవర్‌హాలింగు ఎటువంటిదో, ఢిల్లీ గృహాలలో బట్టలకు ఈ ఋతుసంధి తనిఖీ అటువంటిది. ప్రతి వస్త్రమూ చేతికి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: ఉంచవలెనా, పంపవలెనా?

నైరుతి ఢిల్లీలోని ద్వారకలో ఈ ప్రశ్నకు బలం మరికొంత ఎక్కువ. పప్పన్‌కలాన్ అనే పేరుతో ఢిల్లీ అభివృద్ధి సంస్థ రూపకల్పన చేసిన ఈ ఉపనగరంలో సహకార గృహనిర్మాణ సంఘాలు అనేకం. 2005 డిసెంబరు 31న మెట్రో రైలు ఇక్కడికి వచ్చింది. ఉద్యోగరీత్యా ఊరూరా తిరిగి, చివరకు ఇక్కడ ఒక ఫ్లాటు సంపాదించుకొన్న ప్రభుత్వరంగ కుటుంబాలు తక్కువేమీ కాదు. బదిలీ అయిన ప్రతి ఊరు నుండీ కొన్ని పెట్టెలు వెంట వచ్చినవి. ఆ పెట్టెలలోనివన్నీ ఇప్పుడు మంచాల అడుగున ఉన్న అరలలో నిద్రపోతున్నవి.

మన సంస్థలలో పనికిరాని వస్తువును వదిలించుకొనుటకు ఒక పద్ధతి ఉన్నది. సర్వే రిపోర్టు, కమిటీ సభ్యుల సంతకాలు, ‘కండెమ్’ ముద్ర, స్క్రాప్ యార్డు, చివరకు వేలం. ఇంట్లో అటువంటి కమిటీ లేదు. ఉన్నా ఏకాభిప్రాయం కుదరదు. భర్త చొక్కాను భార్య క్షణంలో కండెమ్ చేయగలదు గాని, ఆమె చీర విషయంలో భర్తకు ఓటు హక్కు లేదన్న సంగతి పాఠకులకు నేను చెప్పనవసరం లేదు.

మన పెద్దల ఇళ్ళలో ఈ సమస్య ఉండేది కాదు. బట్టకు మరణం లేదు, ఉద్యోగం మాత్రం మారుతూ ఉండేది. నేతచీర వెలిసిన తరువాత నాలుగు పొరలుగా పరచి కుడితే బొంత అయ్యేది. మెత్తబడిన పంచె పసిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది. ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికీ, పెరుగు వడగట్టడానికీ, వడియాలు పెట్టుకోవడానికీ, చివరకు మసిగుడ్డగా పొయ్యి దగ్గర సేవ చేయడానికీ అందులోని ముక్కలే. మసిగుడ్డ కూడా చిరిగిపోయేసరికి దానిపై ఎవరికీ మమకారం మిగిలేది కాదు. వీడ్కోలు ఒక్కసారిగా గాక, వాయిదాలలో జరిగేది.

ఆ వరుస ఎక్కడ తెగినదో ఒక ఇంజనీరుగా నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో సుమారు ఎనిమిదిన్నర శాతం తేమను పట్టి ఉంచుకొంటుంది. పాలియెస్టరు పట్టుకొనేది అర శాతం కూడా లేదు. ఉతికినకొద్దీ నూలుబట్టలోని గంజి పోయి, పోగులు మెత్తబడి, నీటిని ఇంకా బాగా పీల్చుకొంటుంది. అంటే పాతబడినకొద్దీ కొన్ని పనులకు దాని యోగ్యత పెరుగుతుంది. పాలియెస్టరు చీర ఇరవై సంవత్సరాలకు కూడా చిరగదు. కాని బొంతకు చెమట పీల్చదు, పొత్తిగుడ్డకు పనికిరాదు, మసిగుడ్డగా వేడిగిన్నె పట్టుకొంటే కరుగుతుంది. చిరగకపోవడం సుగుణమని మనం కొన్నాము. ఇంటికి బరువు కావడం కూడా ఆ సుగుణం వల్లనే జరిగింది.

ఉన్నిబట్టల సంగతి వేరు. ఢిల్లీలో శీతకాలపు మధ్యాహ్నం ఎండలో కూర్చొని స్వెట్టర్లు అల్లే స్త్రీలను చూసినవారికి గుర్తుండి ఉంటుంది. పిల్లవాడు ఎదిగి స్వెట్టరు పొట్టిదైతే దానిని విప్పివేసి, ఉన్నిని చిలపలుగా చుట్టి, ఉతికి, మెలికలు పోయేవరకు బరువు వేలాడదీసి, మరొక రంగు దారం కలిపి పెద్ద స్వెట్టరు అల్లేవారు. మన ఆడవారు కూడా పొరుగున ఉన్న పంజాబీ గృహిణుల వద్ద ఈ విద్య నేర్చుకొన్నారు. ఒళ్ళో దారపు ఉండ, పక్కన కాగితపు పొట్లంలో వేయించిన వేరుసెనగలు, వీపుమీద జనవరి ఎండ. ఇంతకు మించిన వినోదం ఆ రోజులలో కాలనీవాసులు కోరలేదు. ద్వారక పార్కులలో ఎండ, వేరుసెనగలు నేటికీ ఉన్నవి. సూదులు మాత్రం అరుదుగా కనిపిస్తున్నవి.

మన గుమ్మం దాటిన పాతబట్ట ఎక్కడకు పోతుంది? స్టీలుసామాను ఇచ్చి పాతబట్టలు తీసుకొనే స్త్రీలను అందరూ ఎరుగుదురు. ఢిల్లీలో ఈ వ్యాపారం చేసేవారిలో గుజరాత్ నుండి వచ్చిన వాఘ్రీ కులస్థులు అధికం. వారి సంత పశ్చిమ ఢిల్లీలోని రఘువీర్ నగర్‌లో తెల్లవారకముందే మొదలవుతుంది. అక్కడ బట్టలు రకాల వారీగా విడిపోతాయి. బాగున్న ప్యాంటు మరమ్మతై, ఇస్త్రీ అయి, చిన్న సంతలో కూలివాని ఒంటిమీదకు చేరుతుంది. పట్టుచీర దిండు గలీబుగానో, విదేశీ యాత్రికుల లంగాగానో మారుతుంది. జరీ చీర అయితే దానిలోని వెండి కోసం కొనేవారు వేరే ఉన్నారు. లూసీ నోరిస్ అనే ఆంగ్లేయ మానవశాస్త్రవేత్త ఈ వ్యాపారాన్ని పరిశీలించి 2010లో ఒక గ్రంథమే ప్రచురించారు. గిన్నె కోసం గంటసేపు బేరమాడే మన గృహిణికి తాను ఒక అంతర్జాతీయ వాణిజ్యంలో భాగస్వామినని తెలియదు.

ఢిల్లీకి ఉత్తరంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న పానిపట్టును మనం చరిత్రలోని యుద్ధాలతోనే గుర్తుపెట్టుకొన్నాము. పాత ఉన్నిబట్టలను పీచుగా చీల్చి తిరిగి నూలు వడికే పరిశ్రమకు అది ప్రపంచంలోనే పెద్ద కేంద్రం. ఈ విద్యను 1813లో ఇంగ్లండులోని బాట్లీ పట్టణంలో బెంజమిన్ లా అనే ఆయన ప్రారంభించినట్లు చెబుతారు. పాశ్చాత్య దేశాలలో పారవేసిన కోట్లు, స్వెట్టర్లు తిరిగి తొడుగుకొనే వీలు లేకుండా కోయబడి ఓడలలో ఇక్కడికి వస్తాయి. స్త్రీలు కూర్చొని గుండీలు, జిప్పులు, లైనింగులు తీసివేసి రంగుల వారీగా కుప్పలు పోస్తారు. ఇందులో నాకు మిక్కిలి నచ్చిన అంశం ఈ రంగుల విభజన. ఎర్ర కుప్ప నుండి ఎర్ర దారమే వస్తుంది గనుక మరల అద్దకం అక్కరలేదు, దానికి కావలసిన నీరూ మిగులుతుంది. ఆ దారంతో నేసిన కంబళ్ళు తుపానులు, భూకంపాలు సంభవించినప్పుడు సహాయంగా పంపబడినవి. ఇటీవలి కాలంలో పాలియెస్టరు కంబళ్ళు పోటీకి రావడంతో ఈ పరిశ్రమ ఇబ్బంది పడుతున్నది. చిరగని గుడ్డ అక్కడా ప్రత్యర్థే.

ఇక ఇచ్చే చేతుల విషయం. ఢిల్లీలో 1999లో అంశూ గుప్తా 67 వస్త్రాలతో ‘గూంజ్’ సంస్థను ఆరంభించారు. గూంజ్ అనగా ప్రతిధ్వని. దిక్కులేని శవాలను మోసుకుపోయే ఒక వ్యక్తిని ఆయన అంతకు కొన్ని సంవత్సరాల క్రితం ఈ నగరంలోనే కలిశారు. చలికాలంలో ఆ వ్యక్తికి పని పెరిగేది. చలివేసిన రాత్రి శవాన్ని కౌగిలించుకొని పడుకొంటానని అతని చిన్నకుమార్తె చెప్పిన సంగతిని గుప్తా తన ఉపన్యాసాలలో పేర్కొన్నారు. వరద వస్తే బట్టలు పంపుతాము. కాని చలి ఏటా వచ్చే విపత్తు అనే దృష్టి ఎవరికీ లేదన్నది ఆయన వాదన. ఈ సంస్థ బట్టలను దానంగా ఇవ్వదు. గ్రామస్థులు తమ బావిని తవ్వుకొన్నా, చెరువు పూడిక తీసుకొన్నా దానికి ప్రతిఫలంగా ఇస్తుంది. పూర్తిగా అరిగిన నూలుగుడ్డలను శుభ్రపరచి, ఋతుసమయంలో స్త్రీలకు ఉపయోగపడే మెత్తలుగా కుడుతుంది. మన ఇళ్ళలో ఈ మాట పైకి అనడానికి సంకోచిస్తాము. కాని శుభ్రమైన గుడ్డముక్క దొరకక ఆడపిల్లలు రోగాల పాలవుతున్న దేశంలో ఆ సంకోచం మనకు తగదు. గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడు తీరంలో పంపిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండడం చాలామందికి గుర్తే. సర్వస్వం కోల్పోయిన మత్స్యకారులు కూడా వాటిని ముట్టలేదు. ఇచ్చినవారు ఎదుటివారి అవసరాన్ని గాక తమ బీరువాను చూసుకొని ఇచ్చారు.

మా సెక్టారులో ఒక మెయింటెనెన్సు ఫోర్‌మన్ గారు ఉన్నారు. ముప్పైనాలుగు సంవత్సరాల సర్వీసు చేసి విరమించారు. నేను ఆయనను అన్నగారని పిలుస్తాను. చీరలు, కోట్లు ఎవరికైనా ఇచ్చివేయగలిగిన ఆయన, తన ఏడు బాయిలర్ సూట్లను మాత్రం వదలలేకపోయారు. మోకాళ్ళ వద్ద నూనె మరకలు, జేబుమీద సంస్థ చిహ్నం. నెలకొకసారి వాటిని ఉతికించేవారు. “ఆయన రిటైరయ్యారు గాని, వాటిని ఉతికే నా ఉద్యోగానికి మాత్రం విరమణ లేదమ్మా” అని వదినగారు మా ఇంట్లో అనేవారు. ఆమె హాస్యంగానే అన్నా, అందులో విషయం తేలిక కాదు. ఉదయం ఆరుగంటలకు తొడుక్కొన్న ఆ బట్టే ఆయన ఎవరో నలుగురికీ చెప్పేది. కుర్తా పైజమా తొడిగిన రోజు నుండి ఆయనను లిఫ్టులో కూడా ఎవరూ గుర్తించలేదు.

గత శీతకాలపు తనిఖీలో ఆయనే ఒక నిర్ణయానికి వచ్చారు. బ్లేడుతో కుట్టు విప్పి ఏడు చిహ్నాలనూ తీసివేశారు. సంస్థ గుర్తుతో యూనిఫారం పరాయివారికి చేరరాదని ఆయన నియమం. అది సమంజసమైనదే. రెండు సూట్లు ముక్కలు చేసి, మన స్టోర్సులో యంత్రాలు తుడిచే వేస్టు కాటన్‌లాగా, స్కూటరు డిక్కీలో పెట్టుకొన్నారు. మిగిలిన అయిదూ మార్కెట్టు వద్ద కార్లు బాగుచేసే కుర్రవానికి ఇచ్చారు. పొడవు సరిపోక అతడు కాళ్ళు మడిచి కుట్టించుకొన్నాడు. అప్పటి నుండి అన్నగారు సాయంకాలపు అల్లం టీకి ఆ దుకాణం పక్కకే వెళుతున్నారు. కారు కింద నుండి ఆ నీలిరంగు కాళ్ళు కనిపిస్తే ఒక బల్లమీద కూర్చొని, స్పానరు పట్టు సరిగా లేదని కేకవేస్తారు. కుర్రవాడు ఆయనను ‘ఉస్తాద్’ అంటున్నాడు. చిహ్నాలు ఏడూ పాత చేతిగడియారం ఉన్న డబ్బాలో ఉన్నవి.

బట్టలు పంపదలచినవారికి కొన్ని మాటలు. ఉతికి, ఆరబెట్టి, ఊడిన గుండీ కుట్టి పంపండి. అది పది నిమిషాల పని. చీరతో రవికెను, చొక్కాతో నిక్కరును తాడుతో కట్టండి. బడిపిల్లల యూనిఫారమైతే వయస్సు చీటీ రాసి పెట్టండి. ఉన్నిబట్టలను హోలీ తరువాత గాక దీపావళికే తీసి ఇవ్వండి, చలి ముగిసిన తరువాత ఇచ్చిన కంబళి ఆ సంవత్సరానికి ఎవరికీ అక్కరకు రాదు.

ఈ పర్యాయం మా ఇంటి నుండి రెండు సంచులు వెళ్ళినవి. మెత్తబడిన మా నాన్నగారి పంచె ఒకటి మాత్రం సంచిలో నుండి తిరిగి బీరువాలోకి వెళ్ళింది. మే నెలలో ద్వారక డాబామీద ఎండకు వడియాలు ఒక్క రోజులోనే ఎండుతాయి. పంచెను తిరగవేసి వెనుకవైపు నీరు చిలకరిస్తే తడి లోపలికి దిగి ఒక్కొక్కటే విరగకుండా ఊడివస్తుంది. పాలియెస్టరు గుడ్డమీద ఇది సాగదని మా శ్రీమతి నిర్ణయం. నా ఇంజనీరింగు పట్టా కూడా ఆమె పక్షమే.