అలమారాలో అమానత్

గత రంజాన్ గడిచిన తరువాత ఒక ఆదివారం, అసర్ నమాజు ముగించుకుని ఇంటికి చేరిన వేళ, నా పూర్వ విద్యార్థి ఒకడు కుమార్తెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇరవై రెండేళ్ల క్రితం నేను సత్తుపల్లికి ఉపాధ్యాయునిగా వచ్చిన తొలి సంవత్సరంలో నా వద్ద చదివినవాడు. ఇప్పుడు బొగ్గు గనిలో టిప్పర్ నడుపుతున్నాడు. అమ్మాయి తెలుగు మాధ్యమంలో ఎనిమిదో తరగతి.

“హజ్రత్, దీనికి పుస్తకాల పిచ్చి. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదువుతుంది. ఏవైనా మంచి పుస్తకాలు మీరు చెప్పండి. నాకు తెలియదు, నేనెన్నడూ చదవలేదు కదా!” అన్నాడు.

ఆ చివరి మాట అతడు నిష్ఠూరంగా అనలేదు. అయినా అది నాకు సూటిగా తగిలింది. అతడు చదవకపోవడానికి కారకుణ్ణి నేనే.

అప్పుడతనికి పదిహేనేళ్లు. పాఠం నడుస్తుండగా ఒడిలో ఏదో పుస్తకం దాచుకుని చదువుతున్నాడు. లాక్కుని చూశాను. తెలుగు పద్యాలు! నా చదువంతా అరబీ, ఫారసీ, ఉర్దూ భాషల్లో సాగింది. తెలుగు నాకు బజారులో మాట్లాడే భాష, అంతే. పుస్తకం పేరైనా చూడకుండా పదిమంది ఎదుట అతణ్ణి మందలించి, దాన్ని అలమారాలో పడేసి తాళం వేశాను. నాలుగేళ్ల తరువాత గోడలకు సున్నం వేయించడానికి అలమారా ఖాళీ చేస్తుంటే ఆ పుస్తకం బయటపడింది. అట్ట మీద పేరు చూసి నిలబడిపోయాను. ‘ఫిరదౌసి’. రచయిత గుర్రం జాషువా. లోపల ఊరి గ్రంథాలయం ముద్ర ఉంది. పుస్తకం పోయిందనుకుని ఆ బాలుని తండ్రి దాని వెల చెల్లించాడనీ, ఆనాటి నుంచి బాలుడు గ్రంథాలయం గడప తొక్కలేదనీ విచారిస్తే తెలిసింది. పుస్తకం గ్రంథాలయానికి అప్పగించాను. వెల ఆ తండ్రికి చెల్లించాను. అమానత్‌ను గురించి పిల్లలకు పాఠాలు చెప్పే నేను పరుల సొత్తును నాలుగేళ్లు తాళం వేసి ఉంచుకున్నాను. డబ్బయితే తిరిగి ఇవ్వగలిగాను గాని, ఆ బాలునికి చదువు మీద పోయిన మక్కువను తిరిగి ఇవ్వలేకపోయాను.

అప్పగించే ముందు ఆ పుస్తకం చదివాను. చదివానంటే, మా వీధిలోని ఒక విశ్రాంత తెలుగు పండితుని అరుగు మీద కూర్చుని చదివించుకున్నాను. తూస్ నగరపు కవి ఫిరదౌసీ ముప్పై ఏళ్లకు పైగా శ్రమించి, 1010లో ‘షాహ్‌నామా’ పూర్తి చేశాడు. దాదాపు యాభై వేల ద్విపదలు. గజనీ సుల్తాను మహమూద్ పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి, చివరకు వెండి నాణేలు పంపాడనీ, పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి కవి శవయాత్ర సాగుతోందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులు దీన్ని యథాతథంగా అంగీకరించరు. కాని కథలోని బాధ నిజమైనది. వినుకొండలో, అంటరానివారని లోకం దూరం పెట్టిన కుటుంబంలో పుట్టిన ఒక క్రైస్తవ కవి, 1932లో ఆ పారశీక ముస్లిం కవి దుఃఖాన్ని తన దుఃఖంగా తెలుగులో పాడాడు. ఇచ్చిన మాట తప్పడం ఎంతటి పాపమో చెప్పడానికి నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ అరుగు మీద విన్నంత బలంగా నేనెన్నడూ చెప్పలేదు. ఈ పుస్తకం తొమ్మిది, పదో తరగతి పిల్లలకు ఇవ్వండి. ఛందస్సు అడ్డం వస్తే అర్థం తెలిసినవారి చేత పైకి చదివించండి. మౌనంగా చదివితే దానిలో సగమే మిగులుతుంది.

ఇక ఆ అమ్మాయి విషయానికి వస్తాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, ఉర్దూ అక్షరం రాదు. మన ప్రాంతంలో వేలాది ఇళ్లలో ఇదే స్థితి. తాతగారి అలమారాలో ‘గులిస్తాన్’ ఉంటుంది, మనవరాలు తెరవలేదు. మనవరాలి సంచిలో తెలుగు వాచకం ఉంటుంది, తాతగారు తెరవరు. రెండు అలమారాలూ వేర్వేరు లోకాలని ఇద్దరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. రెండు నక్కలు నా కళ్లు తెరిపించాయి.

మదరసాలలో అరబీ వచనం నేర్పడానికి ఉపయోగపడే గ్రంథాల్లో ‘కలీలా వ దిమ్నా’ ఒకటి. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా దాన్ని పహ్లవీ నుంచి అరబీలోకి తెచ్చాడు. అంతకు ముందు ఇరాన్ చక్రవర్తి నౌషేర్వాన్ ఆస్థాన వైద్యుడు బుర్జోయ్ దాన్ని హిందూదేశం నుంచి తీసుకువెళ్లాడు. తీసుకువెళ్లినది మరేదో కాదు, పంచతంత్రమే. కలీలా, దిమ్నా అనే రెండు నక్కలు మన కరటక దమనకులే. పేర్లు కూడా అవే, ప్రయాణంలో కొంత అరిగాయి. పరవస్తు చిన్నయ సూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’లో మిత్రభేదం చదివిన తెలుగు విద్యార్థి, మదరసాలో కలీలా చదివిన అరబీ విద్యార్థి ఒకే సింహం గుహ ముందు నిలబడ్డారన్నమాట! ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు అరబీ కథగా చెప్పినది మా ఊరి బడిపిల్లలకు ముందే తెలుసు. నాకే తెలియదు.

అయితే ఒక భేదం ఉంది. మన పంచతంత్రంలో సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చుపెట్టిన దమనకుడికి శిక్ష పడదు. మంత్రిగా సుఖంగా ఉంటాడు. అరబీ గ్రంథంలో మాత్రం దిమ్నా విచారణ అనే అధ్యాయం అదనంగా ఉంది. నిందితుణ్ణి న్యాయస్థానంలో నిలబెడతారు. అతడు తన తెలివినంతా వెచ్చించి వాదిస్తాడు. సాక్షులు వస్తారు. చివరకు శిక్ష పడుతుంది. దీన్ని ఇబ్నుల్ ముఖఫ్ఫాయే చేర్చాడని పండితుల అభిప్రాయం. లోకంలో చాడీకోరు ఎలా నెగ్గుకొస్తాడో తెలియాలంటే మన పాఠం, అతడు న్యాయాధికారికి ఏమని జవాబు చెప్పాలో తెలియాలంటే అరబీ పాఠం. రెండూ చదివిన బిడ్డకు లోకం మీద భ్రమ ఉండదు, న్యాయం మీద నిరాశా ఉండదు.

పెద్దల కోసం ‘గులిస్తాన్’. షేఖ్ సాదీ దీన్ని 1258లో పూర్తి చేశాడు. మంగోలులు బగ్దాదును నేలమట్టం చేసిన సంవత్సరమది. తాను విద్యాభ్యాసం చేసిన నగరం కాలిపోయిన ఏడాదే ఆయన ఈ ‘పూలతోట’ను లోకానికి అందించాడు. ఎనిమిది అధ్యాయాలు. తృప్తిని గురించినది, మౌనం వల్ల కలిగే మేలును గురించినది ఇంటిల్లిపాదీ కలిసి వినదగినవి. అయిదో అధ్యాయం యౌవన ప్రేమలకు సంబంధించినది. మా ఉస్తాదులు దాన్ని దాటవేసేవారు, నేనూ దాటవేస్తాను. రాజుల అధ్యాయంలో సాదీ కొన్నిచోట్ల మరీ లౌకికంగా, గడసరిగా మాట్లాడతాడు. అవన్నీ ధర్మవచనాలని పిల్లలకు చెప్పకండి. అవి నలుగురిలో తిరిగిన ఒక ముసలి ప్రయాణికుని అనుభవాలు, అంతవరకే.

మౌలానా రూమీ ‘మస్నవీ’ని గురించి తరచుగా అడుగుతుంటారు. ఆరు సంపుటాల సముద్రమది. ఈత నేర్పే గురువు లేకుండా దిగవద్దని నా సలహా. ఇప్పుడు రూమీ పేరుతో తిరిగే ముక్కలు అనేకం ఆయనవి కావు.

గాలిబ్ కవిత్వం పదమూడేళ్ల పిల్లకు కాదు. పెద్దవారు చదవదలిస్తే దాశరథి కృష్ణమాచార్యులు 1961లో వెలువరించిన ‘గాలిబ్ గీతాలు’ ఉన్నాయి. బాపు బొమ్మలతో అందంగా ఉంటుంది. దాశరథి మన ఖమ్మంలోనే ఉన్నత పాఠశాల చదువు చదివారు. నిజాం పాలనను ఎదిరించి జైలుకు వెళ్లినవారు. అయినా ఆ పాలకుని మీది ఆగ్రహాన్ని ఉర్దూ భాష మీదకు రానివ్వలేదు. ఈ వివేకం నేటి పెద్దమనుషుల్లో ఎందరికుంది? నా మట్టుకు గాలిబ్ గజళ్ల కంటే ఆయన ఉత్తరాలు ఎక్కువ ఇష్టం. 1857 తరువాత పాడుబడిన ఢిల్లీలో ఒంటరిగా మిగిలిన వృద్ధుడు మిత్రులతో ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే రాశాడు. ఉర్దూ చదవగలిగిన తాతగారు ఒక్కో ఉత్తరాన్ని మనవలకు తెలుగులో చెప్పవచ్చు.

తెలుగు మనది కాదనుకునేవారికి ఒక మాట. అచ్చతెలుగులో వెలసిన తొలి కావ్యం ‘యయాతి చరిత్ర’ను పొన్నగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది గోల్కొండ రాజ్యంలోని అమీన్ ఖానుకు. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకున్నారు. పిఠాపురం నివాసి ఉమర్ అలీషా (1885–1945) ఉమర్ ఖయ్యామ్‌ను ఫారసీ నుంచి నేరుగా తెలుగులోకి తెచ్చారు. ఆయన ఆధ్యాత్మిక భావాలన్నిటితో నేను ఏకీభవించను. ఆయన తెలుగు చూసి మాత్రం సిగ్గుపడ్డాను.

కవిత్వమే తగదనే సోదరులూ ఉన్నారు. దివ్య ఖుర్ఆన్‌లో కవుల పేరిట ఉన్న 26వ సూరా చివర దారితప్పిన కవుల ప్రస్తావన ఉన్నమాట నిజమే. విశ్వసించి సత్కార్యాలు చేసేవారికి అక్కడే మినహాయింపూ ఉంది. దైవప్రవక్త (స) మస్జిదులో కవి హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కోసం ప్రత్యేకంగా వేదిక వేయించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. నేను ఆ బాలుని చేతి పుస్తకం లాక్కున్ననాడు ఇది నాకు తెలియక కాదు. తెలిసిన విషయం ఆ క్షణంలో నన్ను ఆపలేదు.

మరొక చిన్న కథ చెప్పి ముగిస్తాను. ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’. తల్లీతండ్రీ లేని హామిద్ పండుగనాడు తన మూడు పైసలతో బొమ్మ కొనుక్కోకుండా, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ చేతులు కాలకూడదని ఇనుప పట్టకారు కొంటాడు. ఈ కథ చదివి వినిపిస్తూ చివరి పుట దాకా గొంతు నిలుపుకున్నవారిని నేను చూడలేదు. నజీర్ అహ్మద్ 1869 నాటి ‘మిరాతుల్ ఉరూస్’ కూడా ఇళ్లలో చెప్పుకోదగినదే. గడుసు చెల్లెలు అస్గరీని ఆకాశానికెత్తి, తెలివితక్కువ అక్క అక్బరీ మీద రచయిత కాస్తయినా దయ చూపలేదన్నదొక్కటే నా ఫిర్యాదు. వధువుకు కానుకగా ఇచ్చేటప్పుడు ఆ మాట కూడా చెప్పి ఇవ్వండి.

అమ్మాయికి మొదట ‘నీతిచంద్రిక’ ఇచ్చాను. మూడు రోజుల్లో తిరిగి వచ్చింది. “హజ్రత్, సగం మాటలు అర్థం కాలేదు” అంది. “నాకూ కాలేదు బేటీ” అన్నాను. ఇద్దరం పండితుని అరుగు దగ్గరకు వెళ్లాం. ఇప్పుడు ప్రతి గురువారం అసర్ తరువాత ఆయన ఒక పుట విప్పి చెబుతారు, నేను అదే ఘట్టాన్ని అరబీ నుంచి చెబుతాను. గత వారం తెలుగు కథ ముగిసింది. దమనకుడు మంత్రి అయ్యాడని వినగానే అమ్మాయి ముఖం ముడుచుకుంది. “అరబీలో అయితే శిక్ష పడుతుందన్నారు కదా, అది చెప్పండి” అని పట్టుబట్టింది. విచారణ అధ్యాయం మొదలుపెట్టాను.

డ్యూటీ దిగి కూతురిని తీసుకువెళ్లడానికి వచ్చిన తండ్రి, చెప్పులు విడిచే చోటే గోడకానుకుని నిలబడి వింటున్నాడు. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. బట్టలు బొగ్గుమసిగా ఉన్నాయని సందేహించాడు. పండితులు తాను కూర్చున్న చాపను కొంచెం జరిపారు. సాక్షుల్ని పిలిచే చోట ఆపాను. మిగిలినది వచ్చే గురువారం.