రాచపుండును వెదకు సూక్ష్మకణములు

కంబదూరు ప్రాంతమున వేరుసెనగ పెట్టు రైతునకు కలుపెంత కీడు చేయునో తెలియును. అది మొలకగా నున్నప్పుడు పెరికివేయుట సులభము. ముదిరి పొలమంతయు ప్రాకిన పిమ్మట, పైరునకు హాని లేకుండ దానిని తీయుట కష్టము. రాచపుండని మనవారు పిలుచు కాన్సరు వ్యాధియు నిట్టిదే. దేహమందలి కణములు హద్దుమీరి పెరిగి, ఇతరావయవములకు ప్రాకుటయే దాని స్వభావము.

దీనిని మందుతో నెదిరించిన వారిలో మన యాంధ్రుడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు ముఖ్యులు. వారు 1895లో భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకేగి లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసిరి. అచ్చట వారి యాధ్వర్యమున సిద్ధమైన అమినోప్టెరిన్ అను మందును, బోస్టను నగరమున ఫార్బరు అను వైద్యుడు రక్తపు కాన్సరు సోకిన పిల్లలకిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించెను. పలువురికి కొంతకాలము ఉపశమనము కలిగెను. దాని సోదరౌషధమగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

అయితే ఇట్టి మందులు రక్తముతో దేహమంతటను వ్యాపించి, మంచి కణములను సైతము బాధించును. వెండ్రుకలు రాలుటకును, వాంతులకును ఇదియే కారణము. మోతాదు హెచ్చిన రోగికి ప్రమాదము; తగ్గిన వ్యాధి నిలుచును. కావున మందును వ్యాధియున్న చోటికే చేర్చుట యెట్లని శాస్త్రజ్ఞులు యోచించిరి.

అందులకు తోడ్పడినదే నానో విద్య. మీటరును నూరుకోట్ల భాగములు చేసిన, అం దొకటి నానోమీటరు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటరు లుండును. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అను ఔషధమున, మందును సుమారు 100 నానోమీటర్ల క్రొవ్వు బుడగలలో బంధింతురు. కాన్సరు గడ్డలోని రక్తనాళములు త్వరత్వరగా పెరుగుటచే, తొందరలో వేసిన చెరువుకట్టవలె వానియందు సందులుండును. బుడగలా సందులగుండ గడ్డలోనికి జొరబడును. బిగువైన మంచి నాళములను దాటుట వానికి కష్టము. ఇందుచే గుండెకు కలుగు హాని తగ్గినది. కాని బుడగలన్నియు గడ్డనే చేరవు. కొన్ని కాలేయమునకును, ప్లీహమునకును పోవును. గడ్డలన్నియు నొక్కతీరుగా నుండవు.

వ్యాధిని కనిపెట్టుటకును ఇట్టి కణములు పనికివచ్చును. కాన్సరు కణములకు అంటుకొను పదార్థమును ఇనుప సూక్ష్మకణములకు పూసి, రోగి రక్తమున కలిపి, అయస్కాంతముతో లాగుదురు. వేలకోట్ల రక్తకణముల నడుమ దాగిన కొలదిపాటి కాన్సరు కణము లిట్లు దొరకును. వ్యాధి వ్యాపించిన రోగులకు ముందుగతి నంచనా వేయుటకై ఈ పరీక్ష 2004లో అమెరికాలో అనుమతింపబడెను.

మన పొరుగున రామగిరిలో పూర్వము గనులనుండి తీసిన బంగారమును మీరెరుగుదురు. ఆ లోహమే నానో ప్రమాణమునకు దిగినప్పుడు నీటిలో ఎర్రగా కన్పట్టునని ఫారడే పండితుడు 1857లోనే చూపెను. అట్టి బంగారు కణములను గడ్డలో చేర్చి, కాంతిచే వేడిచేసి, గడ్డను మాడ్చు పద్ధతి యింకను పరీక్షాదశయందే యున్నది.

విద్యార్థులారా! ఎంత సూక్ష్మమైన మందైనను ఆలస్యమును పూర్తిగా పూడ్చజాలదు. నోట మానని పుండుగాని, నొప్పిలేని గడ్డగాని కనబడిన యెడల దాచిపెట్టక వైద్యునకు చూపవలయునని మీ యింటివారికి చెప్పుడు. పొగాకు నమలువారిని మాన్పింప యత్నింపుడు. కలుపు మొలకలోనే చేతికి లొంగునుగదా!