కర్నూలునుండి గండికోటకు

“రాయలసీమలో చూడదగిన దేమున్నది? రాళ్లును, ఎండయు!” అని కోస్తా స్నేహితురాండ్రు మమ్ము పలుమార్లు పరిహసింతురు. దానికి బదులుగా కొన్ని ఛాయాపటములు తేవలెనని, గత మార్గశిరమున మేము అక్కచెల్లెండ్ర మిరువురమును, మా అత్తగారును కర్నూలునుండి మోటారులో బయలుదేరితిమి. చెల్లెలు బండి నడపెను. కెమేరా మా చేత నుండెను. అత్తగారి పుట్టినిల్లు గండికోటకు పట్టుమని పది మైళ్లు లేదు. అయినను డెబ్బది యేండ్లు వచ్చువఱకు ఆమె ఆ కోట చూచి యెఱుగదు. “ఆడపిల్లలను ఎవరు పిల్చుకపోతారమ్మా?” అని నవ్వినది.

నంద్యాల బాటలో ఓర్వకల్లు చేరునప్పటికి ప్రొద్దు పొడిచి గడియ యైనది. కొలనులచెంత నిలిచిన బండలపై ఏటవాలుగా ఎండ పడి, ప్రతి పగులును విడివిడిగా కన్పట్టెను. నడిమధ్యాహ్నమున ఆ బండలే వెలవెల పోవును. సీమను చూచుటకు వేళ యెఱుగవలెనని అచటనే నేర్చితిమి.

బేతంచెర్ల దాటినపిదప అరుగులు, గోడలు, చేలగట్లు సర్వము నాపబండలే. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని మార్గశిరమున పండ్లెక్కడివి! చేరువనున్న యాగంటిలో ఉమామహేశ్వరుని దర్శించితిమి. కొండలోనుండి వచ్చు నీరు నందినోట పుష్కరిణిలో పడుచుండగా చూచి అత్తగారు చాలసేపు కదలలేదు.

అవుకు మీదుగా బెలుము చేరితిమి. బేతంచెర్ల మొదలు ఇచటివఱకు గల ఈ తావులన్నియు 2022నుండి నంద్యాల జిల్లాలోనివి. సున్నపురాతిని వేలయేండ్లు నీరు కరగించుటచే ఏర్పడిన ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ వీనిని గూర్చి వ్రాసెను. 1982, 83 సంవత్సరములలో జర్మను పరిశోధకులు లోపల కొలిచిరి. 2002లో సందర్శకులకు తెఱచిరి. అంతకుముందు ఊరివారు ఇందు చెత్త వేయుచుండిరట! చేరువనున్నదాని విలువ చేరువవారికి తెలియదు కాబోలు.

జమ్మలమడుగు బాటలో నల్లరేగడి చేల నడుమ ఒక ముసలమ్మ నెత్తిపై బిందె, చంకలో బిందెతో వచ్చుచుండెను. వెనుక సాయంకాలపుటెండ. ఇంత చక్కని పటము మఱి దొరకదని కెమేరా ఎత్తితిమి. ఆమె నిలిచి, “నీల్లు మోసేది గూడా సూసేదేనామ్మా?” అని యడిగెను. మాకు తల వంగిపోయినది. అత్తగారు బండి దిగి ఆమె చంకబిందె నందుకొని, “చిన్నప్పుడు నేనూ మోసినదాన్నే. ఆ బరువు పటంలో పడదు,” అని మాతో ననిరి. ఇరువురును మాటలాడుచు ఇంటిదాక నడచిరి. వాకిట ఆ అవ్వయే మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, “ఇప్పుడు తియ్యండి,” అన్నది. ఆ పటము అచ్చు వేయించి ఆమెకు పంపితిమి.

మఱునాడు వేకువనే గండికోట లోయకడకు పోయితిమి. ఎఱ్ఱమలను కోసికొని పెన్న పారినచోట రాతిపొరలు ఇటుకలు పేర్చినట్లు నిలిచియున్నవి. సూర్యోదయమున అవి ఎఱ్ఱనై, పిదప బంగారువన్నె తాల్చినవి. వెనుక పెమ్మసాని నాయకుల కోట, మాధవరాయస్వామి గోపురము, జుమ్మామసీదు, ధాన్యపుకొట్టు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఈ కోటకు వచ్చెను. అత్తగారు చాలసేపు లోయలోనికి చూచి, “కొండనే కోసిన పెన్నమ్మ మా యింటికి బిందెడు నీల్లు ఇయ్యలేదు,” అనిరి. బెలుము గుహయు, ఈ లోయయు నీరు చెక్కినవే. ఆ నీటికే ఈ సీమ మొగము వాచియున్నది. మేము తెచ్చిన పటము లన్నింటికిని ఆ మాటయే వ్యాఖ్య.

సోదరీమణులారా! పోదలచినచో మార్గశిరమునుండి మాఘమువఱకు అనువైన కాలము. త్రాగునీరు వెంట నుంచుకొనుడు. లోయయంచున అంతటను కంచె లేదు. పటము కొఱకు అంచుకు పోవలదు. మనుష్యుల పటము తీయుటకు ముందు అడుగుడు. మీ యింటి పెద్దలలో, పుట్టినింటి ప్రక్క వింతనైన చూడనివారెవరేని యున్నచో, మొదట వారిని బండి యెక్కించుడు.