కుళాయి విప్పి చూడాలి

ఆగు తల్లీ, అప్పుడే ప్లగ్గు పెట్టకు. చివరి బొట్టు చల్లారకముందే స్విచ్చి వేసి చూడాలని ఎంత తహతహగా ఉంటుందో నాకు తెలుసు. బోర్డు ఇటు తే, కిటికీ దగ్గర వెలుతుర్లో ఒకసారి తిప్పి చూద్దాం.

మొన్న కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న టంకం తీగ కదా ఇది. నూటికి 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం. ఈ పాళ్లలో కలిపితే సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అక్కడే గడ్డకడుతుంది. రాగీ, కాలూ రెండూ బాగా వేడెక్కిన చోట టంకం వేడి పెనం మీద నూనెలా పరుచుకుని కాలి చుట్టూ ఏటవాలుగా దిగుతుంది. వేడి చాలని చోట తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడిపోతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, లోపల అతకదు. నీ బొట్లు చాలావరకు బాగున్నాయి. ఒకటి రెండు మాత్రం కాస్త బొద్దుగా ఉన్నాయి, వాటి సంగతి మీటరే చెబుతుంది.

ముందు ఆ 40 కాళ్ల చిప్‌ను సాకెట్లోంచి తీసెయ్. మొదటి కొలత కరెంటు ఇవ్వకుండానే. మీటరును బీప్ దగ్గర పెట్టి ఒక ప్రోబ్ 5 వోల్టుల లైను మీద, ఇంకోటి గ్రౌండు మీద ఆనించు. టిక్కుమని ఆగిపోయిందా? మంచిది. మీటరులోని బ్యాటరీ కెపాసిటర్‌ను కాస్త నింపేంతసేపే ఆ చప్పుడు. ఆగకుండా మోగితే మాత్రం ఎక్కడో రెండు దారులు కలిసిపోయినట్టు. అప్పుడు ప్లగ్గు మాటే ఎత్తకూడదు.

ఇప్పుడు పెట్టు. ట్రాన్స్‌ఫార్మర్ అవతలి పక్క 230 వోల్టులు. అతుకులకు స్లీవు తొడిగాం, అయినా అటు చెయ్యి వెళ్లకూడదు. ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలో లేదు కదా? ఆ రంధ్రంలో ఉంటే మీటరు కొలతపరికరం కాదు, ఉత్త రాగి తీగతో సమానం. దాన్ని లైనుకూ గ్రౌండుకూ మధ్య పెట్టడమంటే మన చేత్తో మనమే షార్ట్ చేయడం.

పెద్ద కెపాసిటర్ మీద ఎంతుంది? 13.4. ట్రాన్స్‌ఫార్మర్ మీద 9 అని ఉంటే ఇంతెలా వచ్చిందని కదూ నీ అనుమానం? ఏసీ ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది. 9 అనేది, హీటరు తీగను అంతే వేడి చేసే డీసీతో పోల్చి చెప్పిన లెక్క. ఉయ్యాల చివరికంటా వెళ్లే ఎత్తు దానికి 1.414 రెట్లు, అంటే 12.7. కెపాసిటర్ ఆ ఎత్తును పట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో డయోడ్లు రెండు ఒక వోల్టుకు అటూ ఇటూగా తినేస్తాయి. మరి లెక్క తగ్గాలి కదా, పెరిగిందేం? ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 9, పూర్తి కరెంటు లాగుతున్నప్పటి మాట. ఇప్పుడు దాన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

7805 మూడో కాలు మీద 5.02. దానికి 4.8 నుంచి 5.2 దాకా చెల్లుతుంది. సాకెట్లో చిప్ కరెంటు తీసుకునే 40వ కాలికీ, గ్రౌండు అయిన 20వ కాలికీ మధ్య? అక్కడా 5.02. చిప్ పెట్టేద్దామా అంటావు. వద్దు.

మన పెరటి కుళాయి గొట్టంలో చిలుము పట్టిన సంగతి గుర్తుందా? కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ట్యాంకు ఒత్తిడంతా దాని మూతిదాకా వచ్చి నిలబడేది. విప్పితే ధారే లేదు, చుక్కలు. నీళ్లు కదిలితేనే చిలుము అడ్డం పడుతుంది. ఇప్పుడు నీ బోర్డు కట్టేసిన కుళాయి. ఈ మీటరు లోపల కోటి ఓములు ఉన్నాయి, 5 వోల్టుల దగ్గర అది తాగే కరెంటు మైక్రో ఆంపియర్‌లో సగం. దారిలో 10 ఓముల పాడు అతుకు ఉన్నా, ఆ కాస్త కరెంటుకు అక్కడ పోయేది 5 మైక్రోవోల్టులు. మీటరు చివరి అంకె కూడా కదలదు. వయసులో ఉన్నప్పుడు ఇది తెలియక, బాగున్న చిప్‌లను రెండుసార్లు మార్చి మూడు రాత్రులు పోగొట్టుకున్నాను.

ఈ మీటరు పుట్టుక కూడా చెప్పాలి నీకు. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డొనాల్డ్ మకాడీ, లైన్లు చూసేందుకు ఇన్నేసి పరికరాలు మోయలేక, ఆంపియర్లు, వోల్టులు, ఓములు మూడింటినీ ఒక్క పెట్టెలో పెట్టాడు. 1923లో బయటికొచ్చిన ఆ పెట్టె పేరు ఆవోమీటర్.

సరే, కుళాయి విప్పుదాం. ప్లగ్గు తీసి ఈ 100 ఓముల రెసిస్టర్‌ను 40, 20 కాళ్ల మధ్య పెట్టు. అరవాట్‌దే పెట్టు, పావువాట్‌ది అంచు మీద ఉంటుంది. సుమారు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఇప్పుడు ప్లగ్గు పెట్టి చూడు: 4.56! రెగ్యులేటర్ దగ్గర మళ్లీ చూడు, అక్కడ 5.02 అలాగే ఉంది. పోయిన 0.46 దారిలో ఎక్కడో పడిపోయిందన్నమాట. దారి వెంటే నడుద్దాం. ఒక ప్రోబ్ రెగ్యులేటర్ గ్రౌండు కాలి మీద ఉంచి, రెండోదాన్ని 20వ కాలి వైపు ఒక్కో అతుకూ దాటిస్తూ వెళ్లు. సున్నా... సున్నా... ఇదిగో, ఈ జంపర్ వైరు దాటగానే 0.46. కిటికీ దగ్గర మనం అనుమానపడ్డ బొద్దు బొట్టే ఇది.

ప్లగ్గు తియ్యి. పెద్ద కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా ఆగు. ఇస్త్రీ చేసినట్టు పైపైన రాయకుండా, కాలూ రాగీ కలిసే మూలలో ఐరన్ ముక్కు ఆనించి, కాస్త ఫ్లక్స్ తగిలించు. అదిగో, జారింది చూశావా నూనెలా? చల్లారేదాకా కదపకు.

మళ్లీ పెట్టు. 5.01. ఇప్పుడు ప్లగ్గు తీసి, రెసిస్టర్ కూడా తీసి, గంటు ఎటుందో చూసుకుని చిప్ పెట్టు తల్లీ.