రిజర్వుడు సీటుకు మనిషిని ఎంచేదెవరు?

గొలుగొండ మండలం నర్సీపట్నం జనరల్ నియోజకవర్గంలో ఉంది. ఆనుకునే ఉన్న పాయకరావుపేట ఎస్సీ రిజర్వుడు. గొలుగొండ మాలమాదిగలు అటు చూసి 'వాళ్లకైనా మనవాళ్లున్నారు' అనుకోవచ్చు. కానీ ఆ 'మనవాళ్లని' ఎంచిందెవరు?

2014లో పాయకరావుపేటలో గెలిచిన వంగలపూడి అనితను 2019లో తెలుగుదేశం గోదావరి దాటించి కొవ్వూరు పంపింది. ఓడిపోయారు. 2024లో తిరిగి తెచ్చింది, గెలిచారు. అదే ఎన్నికల్లో వైసీపీ రాజాం ఎమ్మెల్యే కంబాల జోగులును తెచ్చి పాయకరావుపేటలో నిలబెట్టింది. మేము వ్యక్తుల సమర్థత గురించి మాట్లాడడం లేదు. జనరల్ సీట్లలో కుటుంబాలకు కుటుంబాలే పాతుకుపోతుంటే, మనవాళ్లు బదిలీ ఉద్యోగుల్లా తిరగాల్సి రావడం గురించి.

1932 పూనా ఒడంబడికలో ఒక ఏర్పాటుండేది, ఇప్పుడెవరూ దాని ఊసెత్తరు. రిజర్వుడు సీటుకు ముందుగా దళిత ఓటర్లే ఓటేసి నలుగురిని ఎన్నుకోవాలి. ఆ నలుగురిలోంచే అన్ని కులాల ఓటర్లూ కలిసి ఒకరిని గెలిపించాలి. ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకున్నందుకు అంబేడ్కర్‌కు దక్కిన అరకొర హక్కది. దానికీ పదేళ్ల గడువు పెట్టారు. రాజ్యాంగంలో సీటుకు చోటు దొరికింది గానీ ఆ తొలి ఓటుకు దొరకలేదు. ఇప్పుడా పని పార్టీ ఆఫీసుది. రిజర్వుడు సీట్లో కూడా ఎక్కువ ఓట్లు దళితేతరులవే. అందుకే పార్టీ ముందు ఊరి పెద్దల్ని అడుగుతుంది. పల్లెకు టికెట్ ఖాయమయ్యాకే వస్తుంది.