గోరంతే... కబురు కొండంత!

ఆకాశంలో కొంగల బారు కనిపిస్తే చాలు, పల్లెల్లో పిల్లలు గోళ్లు చూపించి పూలడిగేవారు. గోటి మీద తెల్లమచ్చ కనబడితే కొంగ ఇచ్చిందని సంబరం. పెద్దవాళ్లకేమో బెంగ, ‘క్యాల్షియం తగ్గిందేమో’నని! నిజానికి ఆ మచ్చల్లో చాలావరకూ గోటి మొదట్లో ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులే. గోరుతోపాటే పైకి జరిగి పోతాయి. పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

దక్షిణాఫ్రికాలో పేరున్న గుండె వైద్యుడు లియో షామ్‌రాత్. ఆయన గుండె లోపలి పొరకే ఇన్‌ఫెక్షన్ సోకింది. అప్పుడే తన వేళ్లలో ఓ మార్పు గమనించారాయన. రెండు చేతుల్లోనూ ఒకే వేలిని తీసుకుని, గోటికి గోరు ఆనించి పట్టుకుంటే మొదట్లో పేకముక్క మీది డైమన్‌లాంటి చిన్న సందు కనిపిస్తుంది. ఆయనకు అది మూసుకుపోయింది. జబ్బు తగ్గాక మళ్లీ కనిపించింది. 1976లో ఆయన రాసిన ఈ స్వానుభవమే వైద్య విద్యార్థులు నేర్చుకునే ‘షామ్‌రాత్ పరీక్ష’ అయింది. వేలి కొస ఉబ్బి గోరు కిందికి వంగితే ఆ సందు ఉండదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, ముదిరిన ఊపిరితిత్తుల జబ్బులు, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలు ఇందుకు కారణం కావచ్చు. ఏ జబ్బూ లేకుండా వంశపారంపర్యంగా అలాంటి వేళ్లున్నవాళ్లూ ఉంటారు. కానీ నిన్నమొన్నటిదాకా ఉన్న సందు ఇప్పుడు లేదంటే ఆలస్యం చేయకూడదు. పొగతాగేవాళ్లయితే మరీనూ!

గోరు డైరీ కూడా రాస్తుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తీవ్రమైన జ్వరమొస్తే ఆ ఎదుగుదల కొన్నాళ్లు ఆగుతుంది. తర్వాత గోళ్లన్నిటి మీదా అడ్డంగా సన్నని గాడి తేలుతుంది. ఫ్రెంచి వైద్యుడు బో 1846లో వర్ణించిన గీతలివి. గోటి మొదలు నుంచి గాడి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే జబ్బుపడింది దాదాపు రెండు నెలల కిందటన్నమాట. ఒక్క గోటి మీదే ఉంటే, ఆ వేలికేదో దెబ్బ తగిలి ఉంటుంది.

మన ఇళ్లలో ముందు చూడాల్సింది ఆడవాళ్ల గోళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతానికి రక్తహీనత. ఐరన్ లోపం ముదిరితే గోరు పలచబడి చెంచాలా గుంటపడుతుంది. నీటి చుక్క వేస్తే జారకుండా నిలుస్తుంది. అయితే అందాకా ఆగడమెందుకు? నీరసం, ఆయాసం ఉంటే గోళ్లు బాగున్నా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఒకే గోటిలో కొత్తగా నల్లటి నిలువుచార వచ్చి వెడల్పవుతుంటే చర్మవైద్యులకు చూపించాలి. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి గోటి కింద మెలనోమా క్యాన్సర్ బయటపడింది. 1981లో ఆయన ప్రాణాలు తీసిందదే.

అన్నట్టు, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నెయిల్ పాలిష్ తుడిచేసి వెళ్లండి.