కోఠీ కాలేజీ మేడ వెనుక ఓ తల్లి కథ

హైదరాబాద్‌లో కోఠీ ఉమెన్స్ కాలేజీ తెలియనివారుండరు. కానీ ఆ ఆవరణలోని స్తంభాల మేడ ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అనీ, దాని వెనుక ఓ ఇల్లాలి కన్నీటి కథ ఉందనీ ఎంతమందికి తెలుసు?

1798లో నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు అయిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ ఈ మేడ కట్టించాడు. 1803 ప్రాంతంలో పని మొదలైంది. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఖర్చు మాత్రం నిజాం అలీఖాన్‌దే!

అన్నీ జంటలే

ఇంగ్లండును జార్జి రాజులు ఏలిన కాలం (1714-1830) నాటి కట్టడాల తీరే జార్జియన్ శైలి. ఇందులో హంగుల కన్నా పొందిక ముఖ్యం. నడిమధ్య గీత గీస్తే కుడి ఎడమలు అచ్చుగుద్దినట్టు ఉండాలి. ఈ మేడా అంతే. ముందు ఆరు భారీ స్తంభాలు, వాటిపైన ముక్కోణపు గోడ మీద కంపెనీ రాజముద్ర, మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు. లోపల ఎత్తయిన దర్బారు హాలు, ఒంపు తిరిగిన మెట్లు.

బొమ్మ మేడ

హైదరాబాదీ దుస్తులకూ, అలవాట్లకూ మనసిచ్చిన కిర్క్‌పాట్రిక్ ఇక్కడి గొప్పింటి అమ్మాయి ఖైరున్నీసాను ముస్లిం పద్ధతిలో పెళ్లాడాడు. ఆమె కోసం మేడ వెనుక రంగ్ మహల్ కట్టించాడు. పరదా పాటించే బేగం ముందువైపుకి రాలేదు కదా! అందుకే ఆమె చూసుకోవడానికి మేడ నమూనాను తోటలో చిన్నగా కట్టించాడని చెబుతారు. రంగ్ మహల్‌ను తర్వాత కూల్చేశారు గానీ, ఆ బొమ్మ మేడ ఇంకా ఉంది.

1805లో నాలుగేళ్ల కొడుకునీ, మూడేళ్ల కూతుర్నీ చదువుకని ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. ఖైరున్నీసా 1813లో చనిపోయేదాకా పిల్లల ముఖం మళ్లీ చూడనేలేదు. ఎన్నో ఏళ్లకు కూతురు కిట్టీ హైదరాబాద్‌లోని అమ్మమ్మ జాడ తెలుసుకుని ఉత్తరాలు రాసింది. అమ్మమ్మ పారశీకంలో జవాబులు రాయించింది. ఇద్దరూ కలుసుకోకుండానే ఆ బంధం ముగిసింది.

1949లో మేడ ఆడపిల్లల కాలేజీ అయింది. శిథిలమవుతున్న దశలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో మరమ్మతులు జరిగి, 2023 జనవరిలో తలుపులు తెరుచుకున్నాయి. కాలేజీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. బేగం ఎక్కలేకపోయిన ఆ ముందు మెట్లు, పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలు ఎన్ని తరాలుగానో దర్జాగా ఎక్కుతున్నారు.